పసుపు నూలు కట్టిన తాళంచెవి

మొన్న ఒక డాక్టరమ్మాయి భోజనం డబ్బా కోసం నా కిటికీ దగ్గరికి వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని అడిగింది. "ఆంటీ, ఈ ఏరియా ఉండడానికి బాగుంటుందా? హాస్టల్లో ఉండలేకపోతున్నాను, ఒక గది చూసుకుందామని." మా కరీంనగర్ దిక్కు పిల్లే. రెండేళ్ళుగా కరోనా డ్యూటీలు చేసి చేసి కళ్ళ కింద నల్లబడిపోయింది.

అడిగిందే తడవుగా మొదలుపెట్టాను. పొద్దున రెండు గంటలు నల్లా వస్తుంది, కూరగాయల బండ్లు గుమ్మం ముందుకే వస్తాయి, ఆటో ఎక్కితే స్టేషను దగ్గరే, సూరత్‌లో ఇంకెక్కడా వినపడనంత తెలుగు మా గల్లీలో వినపడుతుంది, ఒంటరి ఆడపిల్లను ఎవడూ తలెత్తి చూడడు. ఇళ్ళ దళారీలా అన్నీ ఏకరువు పెట్టాను. ఆ పిల్ల సంబరపడిపోయి, "మీలాంటివాళ్ళు పక్కన ఉంటే చాలు ఆంటీ" అని డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ మాటకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ పిల్ల డబ్బా అందుకున్న ఈ కిటికీ నాది కాదు. ఇప్పుడు నాదే అనుకోండి, కిరాయి నేనే కడుతున్నాను. కానీ ఎట్లా నాదైందో ఇంతవరకు ఎవరికీ నిజం చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

మా గల్లీలో అందరూ సాంచాల మీద బతికేవాళ్ళే. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా ఆయన ఖటోదరా మిల్లులో పన్నెండు గంటల పాళీ చేస్తాడు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఆడవాళ్ళం గుమ్మాల్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తాం, లేసు కుడతాం, సందు దొరికితే బజారుకు పరుగెత్తుతాం. మగవాడు పాళీ దిగి వచ్చేసరికి ఇంటి ఆడది ఎక్కడుంటుందో చెప్పలేం. అందుకని అందరి తాళంచెవులూ నా గుమ్మం లోపల ఒక మేకుకు వేలాడేవి. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రంగు నూలు కట్టుకున్నారు. సాంచాల దగ్గర నూలుకేం కరువు! ఎరుపు నూలు ఎదురింటి ముసలమ్మది, నీలం నూలు చివరి గది అన్నది, పసుపు నూలు మూలగది చెల్లెది.

ఊరికి పోయినా అంతే. తలుపుకు తాళం పెట్టి, చెవి తెచ్చి నా మేకుకు తగిలించి, "జర సూస్తుండక్కా" అని బస్సెక్కేవాళ్ళు. వాళ్ళు లేనన్నాళ్ళూ నేను వెళ్ళి గది ఊడ్చేదాన్ని. ఎలకలు దూరాయా, కప్పు కారుతోందా అని చూసేదాన్ని. శుక్రవారం వాళ్ళ దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించేదాన్ని. నన్ను గల్లీలో అందరూ తాళాలక్క అనేవారు. "నేనేమన్న మీ ఇండ్ల కావలిదాన్నా?" అని పైకి కసురుకునేదాన్ని గానీ, ఆ పేరు వింటే లోపల పొంగిపోయేదాన్ని. ఇంతమంది ఇళ్ళు నా చేతిలో ఉన్నాయని చాలా పొగరుండేది నాకు.

మూలగది గల్లీ మొదట్లో, రోడ్డు వైపుకు ఉంటుంది. మొత్తం వరుసలో కిటికీ ఉన్న గది అదొక్కటే. దాని పక్కది మాది. మాకు తలుపు తప్ప వెలుతురు వచ్చే దారి లేదు. మూలగదిలో చెల్లె, ఆమె భర్త, చిన్న కూతురు ఉండేవాళ్ళు. జగిత్యాల దిక్కు వాళ్ళు. మాకు చుట్టరికమేమీ లేదు గానీ తను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. మిల్లులో డాగు పడి పక్కన పడేసిన ఆకుపచ్చ చీర ముక్కను కుట్టి ఆ కిటికీకి పరదా వేసుకుంది. సాయంత్రం గాలికి ఆ పరదా రోడ్డు మీదికి ఎగిరేది. నేను నా గుమ్మంలో చెమటలు కక్కుతూ చూసేదాన్ని. కుళ్ళుకునేదాన్నని చెప్పడానికి ఇప్పుడింకా సిగ్గెందుకు? కుళ్ళుకునేదాన్ని.

అట్లాగని ఆ పిల్ల మీద కోపమా అంటే, అదీ లేదు. నాకు గర్భసంచి ఆపరేషనైనప్పుడు ఇరవై రోజులు తనే నీళ్ళు పట్టింది, తనే వండిపెట్టింది, మంచం పక్కన కూర్చుని నా తల దువ్వింది. "లేవకు అక్కా, కుట్లు ఊడితె బావ నన్ను తిడ్తడు" అని మా ఆయన అరిచినట్టు అరిచి చూపించేది. నవ్వితే కుట్లు లాగేవి. నొప్పికి ఏడుస్తూ నవ్వేదాన్ని. సొంత చెల్లెలు ఉన్నా అంత చేసేది కాదేమో.

ఇంతలో కరోనా వచ్చింది. ఆ ఎండాకాలం సాంచాలు ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి గోడల్లోంచి వినపడే దడదడ ఒక్కసారిగా ఆగేసరికి చెవులు గుయ్యిమన్నాయి. మా మగవాళ్ళు ఆ మోతలో మాట్లాడి మాట్లాడి గొంతులు పెంచుకున్నవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు ఇంట్లో ఉప్పు అడిగినా గల్లీ అంతటికీ వినపడేది. మొదట్లో నవ్వుకున్నాం. నెల దాటాక ఎవరికీ నవ్వు రాలేదు. పర్మిషన్లు దొరకగానే బస్సులు మాట్లాడుకుని ఒక్కో ఇల్లూ ఊరి దారి పట్టింది. తాళంచెవులకు చోటు చాలక పక్కన ఇంకో మేకు కొట్టాను.

చెల్లెవాళ్ళు ఒక పొద్దున బయలుదేరారు. పసుపు నూలు చెవిని తనే తెచ్చి మేకుకు తగిలించింది.

"అక్కా, నాట్లు అయినంక, దసరా గూడ ఊర్లనే చేసుకుంటం. దీపావళి దాటంగనే వస్తం. నా రూము పైలం."

"ఎందుకే గంత ఫికరు? నేను లేనా?" అన్నాను.

పాప నా కొంగు పట్టుకుని వదల్లేదు. తండ్రి ఎత్తుకుని తీసుకుపోయాడు.

గల్లీలో మిగిలింది మేము, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు, ఊరికి పోలేక చిక్కుకుపోయిన ఒంటరి మగవాళ్ళు. వాళ్ళు తినే మెస్సు మూతపడింది. పచ్చి మిరపకాయ కొరుక్కుని అటుకులు తింటున్నారని తెలిసింది. రొట్టె, పప్పు చేసి పెట్టడం మొదలుపెట్టాను. ముందు నలుగురొచ్చారు, తర్వాత పదిమంది, తర్వాత పక్క గల్లీవాళ్ళు కూడా. ఇరుకు గల్లీలో నా గుమ్మం ముందు వరుస కట్టేసరికి ఎదురింటి ముసలమ్మ తలుపు సందులోంచి అరిచింది. "మాకు రోగం అంటిస్తవా ఏందే? నీకు పుణ్యం, మాకు పాడెనా?" ఆమె భయం ఆమెది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ రోజే పసుపు నూలు చెవి తీసుకుని మూలగది తెరిచాను. ఊడ్చడానికనే తెరిచాను, ఒట్టు. ఊడ్చాక కిటికీ తలుపులు తోశాను. గాలి వచ్చింది. కిటికీ అవతల రోడ్డు, రోడ్డు మీద మనుషులు దూరదూరంగా నిలబడేంత జాగా. మర్నాటి నుంచి అక్కణ్ణుంచే వడ్డించాను.

ఇక్కడిదాకా నాది తప్పని ఎవరూ అనరు. చెల్లెకు ఫోన్ చేసి "నీ కిటికీ వాడుకుంటున్ననే" అంటే, "గా మాట గూడ అడుగుతరా అక్కా?" అని నన్నే తిట్టేది. కానీ నేను అడగలేదు. అడిగి తీసుకుంటే ఆ పిల్ల వచ్చిన రోజున తిరిగి ఇవ్వాలి. రెండు నెలలు ఆ గాలికి కూర్చుని వడ్డించాక, మళ్ళీ నా చీకటి గదిలోకి పోవాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

తర్వాత గల్లీవాళ్ళకు నేను చెప్పిన కథ ఇది. శేఠ్ వచ్చాడు. మూసి ఉన్న గదిని ఇంకెన్నాళ్ళు ఉంచాలి, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తానన్నాడు. బయటివాడు చేరేకంటే మనవాళ్ళే ఉండటం మంచిదని నేనే తీసుకున్నాను. అందరూ తలలూపారు. "మంచి పని జేసినవ్" అని ఎదురింటి ముసలమ్మ కూడా అంది.

శేఠ్ రాలేదు. మా గదుల యజమాని ఆయన. రోగానికి భయపడి అప్పటికి నెలల నుంచి బార్డోలీలో తన చెరుకు తోట దగ్గరే ఉన్నాడు. మూలగది సంగతి ఆయన తలపులో కూడా లేదు. నేనే ఫోన్ చేశాను. మా ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు, నాకొచ్చిన వంకర హిందీలో, "శేఠ్, మూలగది వాళ్ళు మళ్ళీ వచ్చేట్టు లేరు" అన్నాను.

"వాళ్ళే చెప్పారా బెన్?" అని అడిగాడు. బెన్ అంటే గుజరాతీలో అక్కో చెల్లెనో.

అప్పుడైనా నాలుక కరుచుకోవాల్సింది. దీపావళి దాటగానే వస్తామని ఆ పిల్ల నా గుమ్మంలో నిలబడి చెప్పిపోయింది. ఆ మాట నా చెవుల్లో ఉంది. "అవును శేఠ్, ఊళ్ళోనే ఏదో పని చూసుకుంటారట" అన్నాను. అంత చల్లగా అబద్ధం చెప్పగలనని నాకే తెలియదు.

"సరే, అయితే నువ్వే తీసుకో. నీ గది ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు. మా ఆయన స్నానం చేసి వచ్చేలోపు పని అయిపోయింది.

దసరాకు ముందే నా సామాను మూలగదిలోకి చేరింది. నేను ఖాళీ చేసిన గదిలో, ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన ఒడియావాళ్ళు ఐదుగురు దిగారు. చెల్లె ట్రంకు పెట్టె, మడత మంచం, గిన్నెలు అటక మీద సర్ది దుప్పటి కప్పాను. మా ఆయన లోపలికి వచ్చి అటకవైపు చూసి, "వాళ్ళకు జెప్పినవా?" అన్నాడు. చెప్పినానన్నాను. ఆయన పరదా పక్కకు జరిపి రోడ్డు చూశాడు. "మంచిగుంది" అన్నాడు. మంచిగానే ఉంది మరి.

దసరా వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో చెల్లె వీడియో కాల్ చేసింది. పేరు చూడగానే గబగబా వెనక గోడకు తువ్వాలు వేలాడదీసి, దాని ముందు కూర్చుని ఫోనెత్తాను.

"అక్కా, జర మా రూము సూపియ్యవా? పాప ఒక్కటే పోరు. మన కిటికీ సూడాలె అంటుంది."

నేను ఆ కిటికీ కిందే కూర్చుని ఉన్నాను. సరిగ్గా అప్పుడే కూరగాయలవాడు రోడ్డు మీద గుజరాతీలో వంకాయలని అరిచాడు.

"గంత దగ్గర వినవడుతుందేంది? బయట కూసున్నవా అక్కా?"

"ఆఁ, బయటనే. నెట్‌వర్క్ సక్కగ లేదే, మల్ల జేస్త" అని పెట్టేశాను. మళ్ళీ చెయ్యలేదు. ఆ పూట రొట్టెలు మాడిపోయాయి.

చెప్పిన మాట ప్రకారం దీపావళి దాటిన ఐదో రోజు మధ్యాహ్నం వాళ్ళు దిగారు. నేను తల వంచుకుని డబ్బాలు కడుతున్నాను. "తర్వాత ఎవరు?" అని తలెత్తితే కిటికీ బయట చెల్లె నిలబడి ఉంది. భుజాన సంచి, చంకలో నిద్రపోయిన పాప. మాస్కు పైన కళ్ళు నవ్వుతున్నాయి.

"ఓ అక్కా! నా కిటికీల దుకాణం వెట్టినవా? మంచిగ జేసినవ్!"

అట్లా అనుకుంది పిచ్చిది. అక్క నా కిటికీని వాడుకుంటోంది అని మాత్రమే అనుకుంది. గల్లీలోకి తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపల మా మంచం, మా దేవుళ్ళ పటాలు, తాడు మీద మా ఆయన బనియన్లు చూసింది. ఒక్కొక్కటీ చూస్తుంటే కళ్ళలో నవ్వు తగ్గిపోవడం నాకు కనపడింది.

నేను ఊపిరి తిప్పుకోకుండా కథ అప్పజెప్పాను. "శేఠ్ బయటోనికి ఇస్తనన్నడే. నేను ఎంత బతిమిలాడిన. ఇగ నేనేం జెయ్యాలె జెప్పు?" బతిమిలాడానన్నది అప్పటికప్పుడు కలిపాను.

ఆమె భర్త సంచి కింద పడేసి, "మాకొక ఫోన్ జేస్తె ఏమైతుండె వదినె?" అన్నాడు. నిలదీయాల్సిన మాటే అది. చెల్లె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కనేమనకు. శేఠ్ మాటకు అక్కేం జేస్తది? అక్క లేకుంటె మన సామాను రోడ్డు మీద వడుతుండె."

నన్ను జుట్టు పట్టుకుని ఈడ్చినా అంత నొప్పి పుట్టేది కాదు. కానీ నిజం చెప్పడానికి నోరు రాలేదు. పైగా, చెప్పడానికే సిగ్గుగా ఉంది, ఆ మాట వినగానే హమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రంలోగా, సూరత్‌కు ఆ చివరన ఉన్న నవాగామ్‌లో ఎవరో తెలిసినవాళ్ళు గది చూపించారు. అటక మీది సామాను నేనే దించి ఇచ్చాను. ఆటో ఎక్కించేటప్పుడు చెల్లె వెనక్కి వచ్చి, "గా పరదా మాత్రం తీస్కపోత అక్కా" అంది. కుర్చీ ఎక్కి తనే విప్పుకుంది. తాళమూ, పసుపు నూలు చెవీ కూడా తీసుకుంది. నిద్ర లేచిన పాప "మనిల్లు గిదే గదా" అని ఏడుస్తుంటే, నేను ఒక డబ్బా నిండా రొట్టెలు పెట్టి పాప చేతికిచ్చాను. ఎంత సిగ్గులేనిదాన్ని! ఇల్లు తీసుకుని రొట్టెలిచ్చాను.

ఆ మరుసటి ఏడు రోగం ఇంకా గట్టిగా వచ్చింది. మంచం పట్టిన ఇళ్ళకు ఈ కిటికీలోంచే గంజి, కిచిడీ పంపాను. కోలుకున్నవాళ్ళు వచ్చి దండాలు పెట్టారు. "మా పాలిట దేవతవు" అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి దండానికీ గిన్నెలోకి తల వంచుకునేదాన్ని. తిరిగొచ్చినవాళ్ళు ఊరికి పోయేటప్పుడు మళ్ళీ తాళంచెవులు తెచ్చి నా మేకుకే తగిలించారు. మూలగదిలో మా ఆయన కొత్తగా కొట్టిన మేకు అది. శేఠ్ కథను అందరూ నమ్మారు మరి. నిజం తెలిస్తే ఒక్క చెవి కూడా ఇక్కడ ఉండదు. ఎవరి చెవి వాళ్ళ మొలతాడుకే ఉంటుంది. అప్పుడు ఇది ఉండడానికి ఎట్లాంటి ఏరియా అవుతుందో ఆ డాక్టరమ్మాయికి నేను చెప్పగలను.

ఆ అమ్మాయి అడగడానికి వారం ముందు చెల్లె వచ్చింది. తమ్ముడి పెళ్ళికని ముగ్గురూ ఊరికి బయలుదేరుతున్నారు. భర్త, పాప బస్సు దగ్గర ఉన్నారట. గుప్పిట తెరిచి చూపించింది. పసుపు నూలు, కొంచెం మాసింది.

"నవాగామ్ నుంచి ఇంత దూరం తాళం ఇయ్యనీకి వచ్చినవా?" అన్నాను.

"గక్కడ ఎవ్వలు ఎవ్వల తాళం పట్టరక్కా. పక్కింటామె పేరు గూడ నాకు ఎరుక లేదు. నల్లా దగ్గర కొట్లాట తప్ప ఇంకో మాట ఉండది. గల్లీ అంటె మనదే."

"చెల్లె, నేనొకటి జెప్పాలె" అన్నాను.

"వచ్చినంక జెప్పు, బస్సు పోతది" అని తనే మేకుకు తగిలించి, పరుగున వెళ్ళిపోయింది.

నిన్న శుక్రవారం. నవాగామ్ వెళ్ళాను. ఆటో దిగి అడ్రసు అడుగుతూ పోతే, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. గది లోపలి వరుసలో ఉంది. తలుపు తీస్తే పగలే చీకటి. లైటు వేశాను. ట్రంకు పెట్టె, మడత మంచం, గిన్నెలు, అన్నీ నేను అటక మీద నుంచి దించి ఇచ్చినవే. ఎదురుగా గోడకు ఆకుపచ్చ పరదా వేలాడుతోంది. ఇక్కడ కూడా కిటికీ ఉందన్నమాట అని నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఊడ్చాను. అగరుబత్తి వెలిగించాను. అంతలో ఫోన్ మోగింది. చెల్లె, వీడియో. వెనక బాజాలు, పిల్లల అరుపులు.

"వోయినవా అక్కా? జర సూపియ్యి మా రూము."

ఈసారి నెట్‌వర్క్ బాగానే ఉంది. ఫోన్ తిప్పి అన్నీ చూపించాను.

"గా పరదా జర పక్కకు గుంజు."

గుంజాను. వెనక కిటికీ లేదు. గోడే ఉంది, నిలువునా చెమ్మ పట్టి నల్లబడిన గోడ.

"హమ్మ, చెమ్మ ఇంకింత ఎక్కలేదు. పాపకు గా నలుపు సూస్తె భయమని కట్టిన. మల్ల మూసెయ్యి అక్కా."

మూసేశాను. శేఠ్ రాలేదే, నేనే ఫోన్ చేసిన. ఈ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చెల్లె" అన్నాను.

"ఆఁ, జెప్పక్కా. గా దినం ఏదో జెప్పాలె అన్నవు గదా?"

తల నిండా పూలు పెట్టుకుని, ఫోన్ మొహానికి దగ్గరగా పట్టుకుని, నవ్వుతూ చూస్తోంది.

"ఏం లేదు. తాళం మంచిగ ఏసి పోతనే" అన్నాను.

"గా మాట గూడ జెప్పాల్నా? నీ చేతుల ఉన్నంక నాకేం ఫికరక్కా" అంది.